తీవ్రంగా ఖండిస్తున్నాం... తదుపరి ఘటన వరకు

ఈ దేశంలో బాంబు పేలాక అంబులెన్సు ఆలస్యం కావచ్చు. కమాండోలు ఆలస్యం కావచ్చు. ఖండన మాత్రం ఏనాడూ ఆలస్యం కాలేదు. మొదట ‘ఈ పిరికిపంద చర్యను తీవ్రంగా ఖండిస్తున్నాం’. వెనువెంటనే ‘దోషులు ఎంతటివారైనా వదిలే ప్రసక్తే లేదు’. ఆపైన ‘ఈ సమయంలో రాజకీయాలు తగవు’. మూడే మూడు వాక్యాలు. ప్రధానులు మారారు. హోంమంత్రులు మారారు. ఆఖరికి కరెన్సీ నోట్లు కూడా మారాయి. ఆ మూడు వాక్యాలు మారలేదు. ఊరి పేరు, మృతుల సంఖ్య, తేదీ ఖాళీలుగా వదిలి ఎప్పుడో ముద్రించి పెట్టుకున్నట్టున్నారు.

నాలుగో వాక్యం ఒకటుండాలి కదా? ‘లోపం ఫలానా చోట జరిగింది, ఫలానా వారిని ఇంటికి పంపాం’ అని. అది ఎప్పుడైనా విన్నారా? వినలేదు. వినరు. ఖండించడానికి నోరు చాలు. బాధ్యత తీసుకోవడానికి కుర్చీ వదలాలి.

పహల్గాం సంగతే చూడండి. 2025 ఏప్రిల్ 22. బైసరన్ మైదానం. సెలవులకు వెళ్లి గడ్డిలో ఫొటోలు దిగుతున్న జనం మీద తుపాకులు పేలాయి. మతం అడిగి మరీ చంపారు. మొత్తం 26 ప్రాణాలు. అందులో విశాఖపట్నం నుంచి వెళ్లిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. కావలి మూలాలున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉన్నారు. హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారి ఉన్నారు, సెలవు పెట్టి ఇంటిల్లిపాదితో వెళ్లిన మనిషి. అక్కడ గుర్రం మీద పర్యాటకులను తిప్పి బతికే స్థానిక ముస్లిం కుర్రాడూ ఉన్నాడు. వచ్చినవాళ్లను కాపాడబోయి తూటాలకు ఎదురెళ్లాడు. ఆయుధాలున్న ప్రభుత్వం మైదానంలో లేదు. వట్టి చేతులతో ఉన్నవాడు అడ్డం నిలబడ్డాడు.

రెండు రోజులకు అఖిలపక్ష సమావేశం పెట్టారు. అక్కడ కేంద్రం వినిపించిన సంజాయిషీ ఏమిటి? ఆ మైదానాన్ని మామూలుగా అమర్‌నాథ్ యాత్ర సమయానికే తెరుస్తారట. ఈసారి టూర్ ఆపరేటర్లు ముందే జనాన్ని తీసుకెళ్లారట. అధికారులకు చెప్పలేదట! అబ్బే, ఏడాదిలో ఎక్కువ రోజులు తెరిచే ఉంటుంది కదా అని అక్కడివాళ్లు తెల్లబోయారు. ఎవరి మాట నిజమైనా సిగ్గుచేటే. ఫోనులో రీల్స్ చూసే పదో తరగతి పిల్లాడికి తెలుసు, బైసరన్‌లో రోజూ ఎంతమంది ఉంటారో. గడప గడపకూ చెక్‌పోస్టులున్న లోయలో నిఘా పెద్దలకు మాత్రం టూర్ ఆపరేటరు ఫోన్ చేసి చెప్పాలన్నమాట. ‘సార్, ఓ వెయ్యి మందిని తెచ్చాం, వీలుంటే కాస్త కాపలా కాయండి’ అని!

జూలైలో లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా ఒక ఇంటర్వ్యూలో అది భద్రతా వైఫల్యమేనని, బాధ్యత తనదేనని ఒప్పుకున్నారు. సంతోషం. ఆ మాత్రం అన్నవారు కూడా మరొకరు లేరు. కాకపోతే ఆయన బాధ్యతను కూర్చున్నచోటే తీసుకున్నారు. కుర్చీలోంచి లేవకుండా ఎత్తగలిగిన బాధ్యత బరువెంత?

ఆ ముగ్గురు హంతకులను జూలై 28న సైన్యం మట్టుబెట్టింది. సైనికుడు తన పని తాను చేశాడు. ఎప్పుడూ చేస్తూనే ఉన్నాడు. ఇక్కడ అడుగుతున్నది సైనికుడిని కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే మంత్రిని ప్రశ్నిస్తే సైన్యాన్ని అవమానించినట్టని గగ్గోలు పెట్టే బాపతు ఒకటి మన చుట్టూ తయారైంది. మంత్రిగారి కుర్చీకి సైనికుడి శవపేటికను అడ్డం పెట్టడమే వాళ్లకు తెలిసిన దేశభక్తి.

ఇంతకీ ఉగ్రదాడి తర్వాత ఒక కేంద్ర హోంమంత్రి పదవి వదలడం మనం చివరిసారి ఎప్పుడు చూశాం? 2008లో. శివరాజ్ పాటిల్. ఆ ఏడాది సెప్టెంబరులో ఢిల్లీలో పేలుళ్లు జరిగిన రోజు సాయంత్రం ఆయన మూడుసార్లు బట్టలు మార్చారని పత్రికలు ఏకిపారేశాయి. నవంబరులో ముంబై తగలబడ్డాక దిగిపోయారు. ఆయన వార్డ్‌రోబ్‌ను ఎంతైనా వెక్కిరించండి, పోయేటప్పుడు కుర్చీ ఖాళీ చేసి పోయారు. తర్వాత పఠాన్‌కోట్ అయింది. ఉరి అయింది. 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను బలిగొన్న పుల్వామా అయింది. పహల్గాం అయింది. ఢిల్లీలో ఎర్రకోట ముందు కారు పేలింది. రాజీనామాలు ఎన్ని? సున్నా. గుండు సున్నా. బట్టలు మార్చుకునే అలవాటొక్కటే ఇప్పటికీ పోలేదు.

పఠాన్‌కోట్ అంటే గుర్తొచ్చింది. ఇది కథ కాదు, మన ఘనత. వైమానిక స్థావరం మీద దాడికి ముందు ఉగ్రవాదులు ఏకంగా పోలీసు ఎస్పీనే వాహనంతో సహా ఎత్తుకెళ్లారు. ఇంతకంటే ముందస్తు సమాచారం ఇంకేం కావాలి? దరఖాస్తు పెట్టుకోవాలా? అయినా 2016 జనవరి 2 తెల్లవారుజామున వాళ్లు స్థావరంలో దాడి మొదలెట్టారు. సరే, అయిందేదో అయింది. మార్చి నెలాఖరుకు మనమేం చేశాం? పాకిస్తాన్ దర్యాప్తు బృందాన్ని పిలిచి, అందులో ఐఎస్‌ఐ అధికారి ఉన్నాడని తెలిసీ, దగ్గరుండి ఆ స్థావరానికి తీసుకెళ్లి చూపించాం. ఇల్లు దోచినవాడిని పిలిచి ‘మా బీరువా ఇదేనండీ’ అని చూపించిన పెద్దమనుషులు ఇంకెక్కడైనా ఉంటారా?

2008 నవంబరు 26కి వద్దాం. సముద్రం మీదుగా పదిమంది వచ్చారు. 166 మందిని చంపారు. వాళ్లను ఎదుర్కొన్న పోలీసుల చేతుల్లో కొన్నిచోట్ల లాఠీలు, మరికొన్నిచోట్ల తాతలనాటి .303 రైఫిళ్లు. ఎన్‌ఎస్‌జీ కమాండోలుండేది హర్యానాలోని మానేసర్‌లో. వాళ్లను ముంబై చేర్చాల్సిన పెద్ద విమానం ఆ రాత్రి చండీగఢ్‌లో. రాత్రి మొదలైన మారణకాండలోకి కమాండోలు దిగేసరికి తెల్లారింది. దేశం సిగ్గుతో తల వంచుకుంది. ప్రభుత్వం మాత్రం తలెత్తి హామీల వాన కురిపించింది. ఇక చూడండి, ఎన్‌ఐఏ వస్తుంది! నాట్‌గ్రిడ్ వస్తుంది! ఎన్‌సీటీసీ వస్తుంది!

ఎన్‌ఐఏ వచ్చింది. నెల తిరక్కుండా చట్టం చేశారు. హైదరాబాద్ సహా నాలుగు నగరాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు కూడా పెట్టారు. అనుకుంటే చేయగలరన్నమాట. మరి మిగతావి?

నాట్‌గ్రిడ్ అంటే బ్యాంకులు, రైల్వేలు, వీసాలు, ఫోన్ల సమాచారాన్ని నిఘా సంస్థలకు ఒక్కచోట అందించే ఏర్పాటు. 2009లో అప్పటి హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. రెండేళ్లకు కేబినెట్ కమిటీ సరేనంది. 2014లో దాని సారథి ఒప్పందం ముగిసింది. తర్వాత రెండేళ్లపాటు ఆ కుర్చీలో మనిషే లేడు. బెంగళూరులో దాని ప్రాంగణాన్ని ప్రారంభించింది 2022 మేలో. ముంబై దాడుల రోజున పుట్టిన పిల్ల అప్పటికి తొమ్మిదో తరగతికి వచ్చింది. ఈలోగా సామాన్యుడి సమాచారం మాత్రం ఆన్‌లైన్ మోసగాళ్ల దగ్గర భేషుగ్గా ఒక్కచోట చేరిపోయింది. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, మీ అమ్మగారి పుట్టింటి పేరు సహా. వాళ్లకు ఏ కేబినెట్ అనుమతీ అక్కర్లేకపోయింది.

ఇక ఎన్‌సీటీసీ, జాతీయ ఉగ్రవాద నిరోధక కేంద్రం. 2012 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చారు. మార్చి 1న మొదలు కావాలి. ముఖ్యమంత్రులు భగ్గుమన్నారు. రాష్ట్రాల హక్కులు హరిస్తారా, సమాఖ్య స్ఫూర్తిని చంపేస్తారా అని. అలా భగ్గుమన్నవారిలో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ఒకరు. ఆ అభ్యంతరంలో న్యాయం లేదని కాదు, ఉంది. కానీ 2014 తర్వాత ఆయనే ప్రధాని అయ్యారు. అభ్యంతరాలు సరిచేసి కొత్తది తేవచ్చుగా? అసలు అవసరం లేదని తేల్చి చెప్పవచ్చుగా? రెండూ చేయలేదు. కనిపెట్టింది కాంగ్రెస్. అడ్డుకుంది బీజేపీ. మరిచిపోయింది ఇద్దరూ కలిసి. ఇంత అరుదైన జాతీయ ఏకాభిప్రాయాన్ని మెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

ఇప్పుడు చొక్కా కథ వినండి. తూటాను ఆపే చొక్కా. 2009 అక్టోబరులో సైన్యానికి 1,86,138 బులెట్‌ప్రూఫ్ జాకెట్లు కావాలని రక్షణ కొనుగోళ్ల మండలి ఒప్పుకుంది. అణు జలాంతర్గామి కాదు మహాప్రభో, జాకెట్. ఫైలు కదిలింది. నమూనాలు వచ్చాయి. పరీక్షలు పెట్టారు. నెగ్గలేదన్నారు. మళ్లీ మొదటికొచ్చింది. ప్రభుత్వం మారింది. ఫైలు మాత్రం పాత చోటనే ప్రశాంతంగా పడుకుంది. 2016లో మరీ అత్యవసరమని ఓ 50,000 కొన్నారు. అసలు ఒప్పందం మీద సంతకం పడింది 2018 ఏప్రిల్‌లో. విలువ 639 కోట్ల రూపాయలు. సరఫరాకు మరో మూడేళ్ల గడువు. అంటే ‘కావాలి’ అన్న మాటకూ ‘కొంటున్నాం’ అన్న మాటకూ మధ్య ఎనిమిదిన్నరేళ్లు.

639 కోట్లు! మన దగ్గర ఒక్క అసెంబ్లీ ఉప ఎన్నికలో ఎంత పారుతుందో మీకు నేను చెప్పాలా? ఆ ఎనిమిదిన్నరేళ్లలో ఎందరు జవాన్లు గుండె మీద తూటా తిన్నారు? ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఎన్ని నెలలుంది? ఏ గుమాస్తా ‘చర్చించండి’ అని రాసి తిప్పి పంపాడు? ఏ జాయింట్ సెక్రటరీ పదోన్నతి మీద వెళ్తూ దాన్ని వారసత్వంగా వదిలిపోయాడు? ఒక్క పేరు బయటికొచ్చిందా? నార్త్ బ్లాక్‌లో, సౌత్ బ్లాక్‌లో తూటా దూరని గోడలుండేవి. అక్కడ ఎవరికీ జాకెట్ అక్కర్లేకపోయింది.

మీకు చలేస్తోందా? సియాచిన్‌కు రండి. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ఏమందో తెలుసా? మంచుకొండల మీద కాపలా కాసే సైనికులకు మంచు బూట్లు సమయానికి కొనలేదు. పాతవాటినే బాగుచేసి మళ్లీ తొడిగించారు. మంచు కళ్లద్దాల కొరత. తిండిలో అందాల్సిన కేలరీలకూ కోత. ఎన్నికల సభలో ‘సియాచిన్‌లో మన జవాను నిలబడి ఉన్నాడు’ అని గొంతు పూడుకుపోయేలా అరిచే నాయకుడిని ఒక్కసారి ఆపి అడగండి. ఏ బూట్లతో నిలబడ్డాడు స్వామీ?

అలాగని డబ్బు లేదా? 2025–26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. పథకాలకు కొదవా? లేదు. రిబ్బన్లకు అసలే లేదు. 2019 మార్చిలో, ఎన్నికల షెడ్యూలు రాబోతుందనగా, అమేథీ దగ్గర కొర్వాలో ఏకే-203 రైఫిళ్ల ఫ్యాక్టరీని అట్టహాసంగా ప్రారంభించారు. రైఫిళ్ల కొనుగోలు ఒప్పందం మీద సంతకం పెట్టింది 2021 డిసెంబరులో. బారసాల ముందు, పెళ్లి తర్వాత.

గాల్లోకి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి రిటైర్మెంట్ వయసు 62 ఏళ్లు. మిగ్-21 కూడా సరిగ్గా అంతే. 1963లో కొలువులో చేరి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో పదవీ విరమణ చేసింది. తాత నడిపిన విమానాన్ని మనవడు నడిపాడు. అది కూలినప్పుడల్లా ‘విచారణకు ఆదేశించాం’ అన్నారు. మన యువ పైలట్లు పోతుంటే విమానానికి సర్వీసు పొడిగిస్తూ పోయారు. ఎందుకు? దాని స్థానంలో రావాల్సిన తేజస్ రాలేదు గనక. ఆ ప్రాజెక్టుకు అనుమతి 1983లో. తొలిసారి గాల్లోకి లేచింది 2001లో. మెరుగుపరిచిన మార్క్-1ఏ రకం 83 విమానాలకు 2021 ఫిబ్రవరిలో దాదాపు 48,000 కోట్ల ఒప్పందం చేసుకున్నారు. 2024 నుంచి ఇస్తామన్నారు. 2025 వెళ్లిపోయింది. అమెరికా ఇంజన్లు రాలేదని ఒకరు, పరీక్షలు మిగిలాయని ఒకరు. మరి ఇన్ని చెప్పి 2025 సెప్టెంబరులో ఏం చేశారు? అదే కంపెనీకి అదే రకం మరో 97 విమానాల ఆర్డరు. ఈసారి 62,370 కోట్లు. మొదటి భోజనం వడ్డించని హోటల్లో రెండో భోజనానికి కూడా అడ్వాన్సు ఇచ్చే కస్టమరును మీరెప్పుడైనా చూశారా?

ఇది నాబోటి పనిలేని రాతగాడి ఉక్రోషం అనుకునేరు. వైమానిక దళాధిపతి ఏపీ సింగ్ స్వయంగా 2025 మేలో పారిశ్రామికవేత్తల సభలో ఈ మాటే అన్నారు. తనకు గుర్తున్నంతలో ఒక్క ప్రాజెక్టూ సమయానికి పూర్తి కాలేదని, కొన్ని ఒప్పందాల మీద సంతకం పెట్టేటప్పుడే అవి రావని తెలుసని. దళాధిపతే బహిరంగంగా మొరపెట్టుకునే పరిస్థితి వచ్చింది. 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన చోట 29 ఉన్నాయి. తక్కిన 13 బహుశా ఉపన్యాసాల్లో ఎగురుతున్నాయి.

న్యాయంగా ఒక మాట. కంచన్‌బాగ్‌లో, బాలాపూర్‌లో తలవంచుకుని క్షిపణులు చేసే మన ఇంజనీర్లు, టెక్నీషియన్లు ఉన్నారు. 2025 మేలో పాక్ డ్రోన్లు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో తయారైన ఆకాశ్ పనిచేసింది. కాబట్టి మనకు చేతకాదన్నది అబద్ధం. చేతయినవాళ్లకు పని అప్పజెప్పి, అడ్డం తొలగడమే మనకు చేతకాదు.

అదే మేలో, 7వ తేదీన, పహల్గాంకు జవాబుగా ఆపరేషన్ సిందూర్ జరిగింది. సైన్యం తొమ్మిది ఉగ్రస్థావరాలను కొట్టింది. అసలు యుద్ధం అక్కడ జరిగితే, అంతకంటే భీకరమైన యుద్ధం టీవీ స్టూడియోల్లో జరిగింది. మే 8 రాత్రి మీరూ చూసే ఉంటారు. కరాచీ ఓడరేవు బూడిదైంది! ఇస్లామాబాద్ మన చేతికొచ్చింది! గ్రాఫిక్స్‌లో క్షిపణులు. వెనక సైరన్. ఆ సైరన్ మోత ఎంతకు పోయిందంటే, దయచేసి కార్యక్రమాల్లో వైమానిక దాడి సైరన్లు వాడకండి బాబూ అని ప్రభుత్వమే చానళ్లను వేడుకోవాల్సి వచ్చింది. నిజం సైరన్ మోగితే జనం టీవీ అనుకుంటారట. తెల్లారాక కరాచీ కరాచీలోనే ఉంది. చెప్పిన అబద్ధానికి ఎందరు క్షమాపణ చెప్పారు? శత్రువుకు మన టీవీ చూసే తీరిక దొరికి ఉంటే నవ్వి నవ్వి పోయేవాడు.

ఇక అసలు సమాచారం ఎక్కణ్నుంచి వచ్చింది? కాల్పుల విరమణ సంగతి మే 10న మనకు ముందుగా చెప్పింది అమెరికా అధ్యక్షుడు ట్రంప్. మన యుద్ధ విమానాలు కొన్ని పోయాయన్న సంగతి త్రిదళాధిపతి నోటి నుంచి వచ్చింది మే 31న సింగపూర్‌లో, ఒక విదేశీ వార్తాసంస్థతో మాట్లాడుతున్నప్పుడు. యుద్ధం మనది. ముగింపు వాషింగ్టన్‌ది. నష్టం లెక్క సింగపూర్‌ది. మరి పార్లమెంటు ఎందుకున్నట్టు? క్యాంటీన్ బాగుంటుందనా?

హైదరాబాదీలకు ఇవన్నీ కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్ వాళ్లనడగండి. 2002లో సాయిబాబా గుడి దగ్గర పేలింది. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో పేలిన రోజే దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు దొరికింది. 2013 ఫిబ్రవరి 21న మళ్లీ అక్కడే, ఈసారి పేలాయి. 18 మంది పోయారు. రెండు రోజుల ముందే రాష్ట్రాలను హెచ్చరించామని నాటి కేంద్ర హోంమంత్రి షిండే చెప్పారు. అది ‘సాధారణ’ సమాచారమే తప్ప ‘నిర్దిష్ట’ సమాచారం కాదని రాష్ట్రం గొణిగింది. అంటే ఏమిటండీ? ‘ఫలానా సైకిలు, ఫలానా టిఫిన్ బాక్సు, రాత్రి ఏడు గంటలకు’ అని ఉగ్రవాది రిజిస్టర్డ్ పోస్టులో పంపితే గానీ కదలరా?

పోనీ జరిగాకైనా దోషిని పట్టుకుంటారా? 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు. తొమ్మిది మంది పోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరికొందరు. ముందు పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లను ఈడ్చుకెళ్లారు. చివరికి కోర్టులు వాళ్లు కాదన్నాయి. తర్వాత హిందూ అతివాదులన్నారు. 2018 ఏప్రిల్ 16న ఎన్‌ఐఏ కోర్టు వాళ్లనూ వదిలేసింది. తీర్పు చెప్పిన న్యాయమూర్తి ఆ రోజే రాజీనామా ఇచ్చారు. ఎన్‌ఐఏ అప్పీలుకు పోలేదు. మరి బాంబు ఎవరు పెట్టారు? అదే నడుచుకుంటూ వచ్చి, వజూ చేసే చోట కూర్చుని, తనంతట తానే పేలిందా?

2025 జూలై ఇంకా ఘనమైనది. 21వ తేదీన ముంబై రైలు పేలుళ్ల కేసులో బాంబే హైకోర్టు 12 మందినీ నిర్దోషులంది. అది 2006లో 189 మందిని చంపిన కేసు. 31న మాలేగావ్ 2008 పేలుడు కేసులో ఏడుగురూ నిర్దోషులన్నారు. పది రోజుల్లో రెండు కేసులు గాల్లో కలిశాయి. మొదటి తీర్పుకు ఒక వర్గం గుండెలు బాదుకుంది, రెండో వర్గం పండగ చేసుకుంది. రెండో తీర్పుకు పాత్రలు మారాయి. చచ్చినవాళ్ల కుటుంబాలు మాత్రం రెండుసార్లూ ఒకే ప్రశ్న అడిగాయి. మా మనిషిని చంపింది ఎవరు? ఆ ప్రశ్నకు ఏ వర్గం దగ్గరా జవాబు లేదు. తప్పుడు మనిషిని జైల్లో పెడితే ఇద్దరికి అన్యాయం జరుగుతుంది. అసలువాడికి మాత్రం లాభం. ఈ చిన్న లెక్క పదవులూ పతకాలూ పంచుకున్న దర్యాప్తు అధికారులకు ఎందుకు రాదు?

మధ్యలో ఉగ్రవాదం నడుం విరగ్గొట్టే మంత్రం కూడా ఒకటి వేశారు. మరిచిపోయారా? 2016 నవంబరు 8. పెద్ద నోట్లు రద్దు. ఉగ్రవాదికి డబ్బు అందదన్నారు. రద్దయిన నోట్లలో 99.3 శాతం బ్యాంకుకు తిరిగొచ్చాయి. రెండేళ్లు తిరిగాక పుల్వామా వచ్చింది. నడుం ఎవరిదైనా విరిగిందంటే అది ఏటీఎం ముందు క్యూలో నిలబడ్డ ముసలివాళ్లది.

మనం ఇలా ఏడుస్తున్నాం గదా, ప్రపంచం ఏమైనా మేలా? ఉగ్రవాదం మీద సమగ్ర అంతర్జాతీయ ఒప్పందం కావాలని భారత్ ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది 1996లో. ఉగ్రవాది అంటే ఎవరో నిర్వచించడం దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆగదా మరి? నిర్వచనం రాస్తే మిత్రులు అందులో పడిపోతారు! 1999లో విమానం హైజాక్ చేయించుకుని మనం కాందహార్‌కు దిగబెట్టి వచ్చిన మసూద్ అజహర్‌ను సమితి నిషేధిత జాబితాలో చేర్చడానికి 2019 మే దాకా పట్టింది. చైనా పదేపదే ‘సాంకేతిక’ అభ్యంతరం చెబుతూ వచ్చింది.

2025 మే 9న, సరిహద్దులో ఇంకా గుళ్లు కురుస్తుండగా, పాకిస్తాన్‌కు సుమారు 100 కోట్ల డాలర్ల విడతకు అంతర్జాతీయ ద్రవ్యనిధి పచ్చజెండా ఊపింది. భారత్ ఓటింగుకు దూరంగా ఉంది. జూన్‌లో అదే పాకిస్తాన్ భద్రతామండలి ఉగ్రవాద నిరోధక కమిటీకి ఉపాధ్యక్ష హోదాలో కూర్చుంది. అదే నెలలో దాని సేనాధిపతికి వైట్‌హౌస్‌లో విందు. సిరియాలో ఒక ఉగ్రవాద నేత తలకు కోటి డాలర్ల వెల కట్టిన అమెరికా, ఆ తల అధికారం చేజిక్కించుకోగానే వెల ఎత్తేసి, ఏడాది తిరిగేలోగా వైట్‌హౌస్‌కు పిలిచి చేయి కలిపింది. కోటి డాలర్లు మిగిలాయి, పొదుపే కదా!

మనం మాత్రం తక్కువ తిన్నామా? కాందహార్ రన్‌వే మీద హైజాకర్లకు కొమ్ముకాసిన తాలిబాన్ల విదేశాంగ మంత్రికి 2025 అక్టోబరులో ఢిల్లీలో ఘనస్వాగతం పలికాం. ఆయన తొలి విలేకరుల సమావేశంలోకి మహిళా జర్నలిస్టులను రానివ్వలేదు. మన రాజధాని నడిబొడ్డున! ఇదేమని అడిగితే విదేశాంగ శాఖ దాంతో తమకు సంబంధం లేదంది. దౌత్యం అవసరమే, కాదనం. పొరుగువాడి పొరుగువాడితో స్నేహం చాణక్యుడి నాటి పాఠమే. అయితే మళ్లీ ‘ఉగ్రవాదంలో మంచీ చెడూ లేవు, అన్నీ ఒక్కటే’ అని వేదికెక్కి దంచడమెందుకు?

ఈ లెక్కలన్నిటి కింద నలిగేది ఒక్కడే. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని ఒక తండా నుంచి వెళ్లిన కుర్రాడు 2025 మే 9న సరిహద్దులో పాక్ కాల్పుల్లో నేలకొరిగాడు. అతను అగ్నివీరుడు. నాలుగేళ్ల కాంట్రాక్టు సైనికుడు. నాయకులు వరసకట్టి వచ్చారు. పాడె మోశారు. కెమెరాలు తిరిగాయి. బీమా ఉంది, పరిహారం ఉంది, కాదనడం లేదు. కానీ అతని పక్క గుంతలో అదే తూటాకు మామూలు సైనికుడు పోతే ఇంటికి పింఛను వస్తుంది. ఇతని ఇంటికి రాదు. పాకిస్తాన్ తూటా మాత్రం ఆ తేడా చూడలేదు. రెగ్యులరా, కాంట్రాక్టా అని అడగలేదు.

2022 జూన్‌లో ఈ అగ్నివీర్ పథకం తెచ్చిన మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతం కుర్రాడొకడు పోయాడు. రైళ్లు కాల్చడం తప్పే. కాని ఆ పిల్లలు ఏళ్ల తరబడి పరుగు పందేలు నేర్చుకుని, దేహపరీక్ష నెగ్గి, రాత పరీక్ష కోసం కాచుకున్నవాళ్లు. వాళ్లకు చెప్పిందేమిటి? నాలుగేళ్లు రండి. వందలో 25 మందిని ఉంచుకుంటాం. తక్కిన 75 మందికి సుమారు 11.71 లక్షల సేవానిధి ఇస్తాం, దాంట్లో సగం మీ జీతంలో కోసుకున్నదే. పింఛను అడగొద్దు. ఖజానాకు భారం.

భారమా? సరే. ఎంపీగా ఒక్క దఫా చేసిన పెద్దమనిషికి బతికినన్నాళ్లూ పింఛను. 2025 మార్చిలో దాన్ని నెలకు 25,000 నుంచి 31,000కు పెంచారు. 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా. అప్పుడు ఖజానా మూలగలేదు. ఆ పెంపు మీద టీవీలో గొంతు చించుకున్న యాంకరు లేడు. అధికారపక్షం, ప్రతిపక్షం కొట్టుకున్న దాఖలా లేదు.

కాబట్టి ఒక చిన్న ప్రతిపాదన. యువరక్తం, చురుకుదనం, ఖర్చు తగ్గింపు అంటూ సైన్యానికి చెప్పిన సుగుణాలన్నీ చట్టసభకు మరింత అవసరం. ‘అగ్నిఎంపీ’ పథకం పెడదాం. లోక్‌సభలో 543 మంది. నాలుగేళ్లు కాగానే వందకు 25 చొప్పున 136 మందిని ఉంచుకుందాం. తక్కిన 407 మందికి, జీతంలో కోసిన సగంతో కలిపి, సేవానిధి చేతిలో పెట్టి సాగనంపుదాం. పింఛను లేదు, బంగళా లేదు, రైలు పాసు లేదు. బయట ఉద్యోగాల్లో పదిశాతం రిజర్వేషన్ ఇద్దాం. సెక్యూరిటీ గార్డుగా చేరడానికి సర్టిఫికెట్ కూడా ఇద్దాం.

బిల్లు ఎవరు పెడతారు? చేతులెత్తండి.